రాసుకో ప్రభువా

మా ఆయన గట్టిగా నవ్వే మనిషి కాదు. నలభై ఏళ్ళకు దగ్గరపడుతున్న కాపురంలో ఆయన పళ్ళు కనబడేలా నవ్వడం నేను చూసిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నా కథ ఏదైనా వారపత్రికలో వచ్చిన రోజున కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా శ్రద్ధగా చదివి, పత్రిక మడిచి, "బాగుంది" అంటారు. వంకాయ కూర బాగుందన్నట్టే అంటారు. అలాంటి మనిషి పోయిన వర్షాకాలంలో ఒక ఉదయం వరండాలో కూర్చుని, ఫోన్ చేత్తో పట్టుకుని, భుజాలు ఎగిరిపడేలా నవ్వుతున్నారు. వంటింట్లో చింతపండు పిసుకుతున్నదాన్ని, ఆ చేతులతోనే కంగారుగా బయటికి వచ్చాను.

"ఇలా రా, ఇలా రా. మీ కరుణ! అచ్చం మీ అత్తే లేచొచ్చినట్టుంది చూడు" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ.

ఫోన్‌లో నా చెల్లెలు కరుణ ఉంది. అనకాపల్లిలో వాళ్ళ ఇంటి ముందుగది. వెనకాల దాని కుట్టుమిషను కూడా కనబడుతోంది. తెల్ల నేతచీర పాదాలకు బెత్తెడు పైకి కట్టి, జుట్టు ముడి నడినెత్తికి లాగి, మా మేనత్త సాలమ్మత్తలా తయారైంది. అత్త పాత్రా తనే, కోడలి పాత్రా తనే. భుజాన తువ్వాలు వేసుకుంటే కోడలు, తీసేస్తే అత్త. అత్త వంటింటి గుమ్మంలోంచి నడుం ఎగరేసుకుంటూ వచ్చింది, కోడలు కాచిన చారు గరిటెతో నోట్లో పోసుకుంది, ముఖం చిట్లించింది, తల పైకెత్తి ఇంటి కప్పుతో మాట్లాడింది.

"ప్రభువా, సూత్తన్నావా? సారులో ఉప్పు మర్సిపోయింది. రాసుకో ప్రభువా, రాసుకో!"

అంతే. నిమిషం కూడా లేదు. మా ఆయన మళ్ళీ మొదటినుంచి పెట్టి మళ్ళీ నవ్వారు. కింద జనం రాసిన మాటలు వేలు ఎంత జరిపినా తరగడం లేదు. సగం మంది "రాసుకో ప్రభువా" అనే రాశారు. నేను "బాగుంది" అన్నాను. అని వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ చింతపండు గిన్నెలో చెయ్యి పెట్టాను. నా ఒంట్లో ఏదో మండుతోంది. అదేమిటో తెలియక తికమకపడ్డానని అబద్ధం రాయను. అది అసూయ. అరవై మూడేళ్ళ మనిషికి, ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషికి, సొంత చెల్లెలి మీద కలిగిన అసూయ. ఎందుకంటే ఆ నడక నాది. కప్పు వైపు తల ఎత్తడం నాది. "సూత్తన్నావా" అన్నది మా అత్త మాటే గాని, "రాసుకో" అన్నది ముమ్మాటికీ నాది.

మేము పెరిగింది అనకాపల్లిలో, బెల్లం మార్కెట్ వెనక సందులో, రెండు గదుల అద్దె ఇంట్లో. నాన్న ఒక షావుకారు కొట్లో కాటా దగ్గర గుమస్తా. బెల్లం దిమ్మల సీజను మొదలైందంటే నాన్న కంటే ముందు ఆయన వాసన ఇంట్లోకి వచ్చేది. చొక్కా చేతులు బెల్లం పాకంతో అట్టకట్టి, ఉతకడానికి నానబెడితే బకెట్లో నీళ్ళు టీ రంగులోకి తిరిగేవి. ఉతికి ఆరేసినా దండెం పొడుగునా చీమలు బారులు కట్టేవి. అమ్మ మంచం కోళ్ళ కింద నాలుగు సత్తు గిన్నెలు పెట్టి నీళ్ళు పోసేది. పొద్దున్నే ఆ గిన్నెల్లో చచ్చిన చీమల్ని పారబోయడం నా పని. ఆ వాసన ఎంత అలవాటైపోయిందంటే, పెళ్ళై నర్సీపట్నం వెళ్ళిన కొత్తలో గాలిలో ఏదో తక్కువైనట్టు అనిపించేది నాకు.

నాన్న సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుని, దీపాలు పెట్టే వేళకి చాప పరిచేవారు. ఒక కీర్తన చదివి, ప్రార్థన చేసుకున్నాక, అన్నాలకి ముందు, "ఈయేల ఏటి సూసేరో సెప్పండి" అనేవారు. నేను చెప్పేదాన్ని కాదు, చేసేదాన్ని. పాలు పోసే మంగమ్మ సోలలో వేలు పెట్టి కొలవడం, మా చర్చిలో అందరూ పాట ముగించాక ఒక్కరే చివరి మాట పాడే పెద్దాయన, సుద్దముక్కతో చెవి గోక్కునే మా లెక్కల మాస్టారు. నాన్న నవ్వితే లాంతరు గ్లాసు వణికేది. నాకంటే అయిదేళ్ళు చిన్నదైన కరుణ మంచం కింద దూరి, గౌను అంచు నోట్లో కుక్కుకుని నవ్వేది. దానికి నలుగురి ముందు మాట రాదు. ఎవరైనా పేరు అడిగితే అమ్మ చీరలో ముఖం దాచుకునేది. ఆ ఇంట్లో ఆడేది నేను, చూసేది అది.

అన్నిటికంటే నాన్నకి ఇష్టం నేను ఆయన అక్కను చెయ్యడం. సాలమ్మత్త కోటవురట్ల వైపు ఒక పల్లె కోడలు. భర్త పోయాక ఒక ట్రంకుపెట్టెతో మా ఇంటికి వచ్చి, ఇక ఉండిపోయింది. చిన్నప్పుడు గట్టు మీదనుంచి పడి తుంటి దెబ్బతినడం వల్ల ఆమె నడక వేరుగా ఉండేది. కుడికాలు ముందుకి వేసి, ఎడమ నడుం ఒక్క ఎగురు ఎగరేసి, ఆనక ఒళ్ళంతా సర్దుకుని, అప్పుడు ఎడమకాలు తెచ్చుకునేది. ఆమెకి దేవుడు మేడమీద అద్దెకున్న మనిషి లాంటివాడు. కుళాయి దగ్గర ఎవరైనా బిందె ముందుకి జరిపినా, పిల్లి చేపముక్క ఎత్తుకుపోయినా, అమ్మ కూరలో కారం ఎక్కువైనా, చేస్తున్న పని ఆపి, తల పైకెత్తి "ప్రభువా, సూత్తన్నావా?" అని అడిగేది. జవాబు వినబడినట్టు రెండు క్షణాలు ఆగి, తల పంకించి, మళ్ళీ పనిలో పడేది. ఒక సాయంత్రం నేను ఆమెను చేస్తూ, ఆ రెండు క్షణాలు ఆగాక, ఎందుకు తోచిందో తెలియదు, "రాసుకో ప్రభువా, రాసుకో" అన్నాను. నాన్న తాగుతున్న నీళ్ళు ముక్కులోకి పోయాయి. అత్త విసనకర్ర నా మీదికి విసిరి, "సచ్చినదానా, నాను అలాగ నడుత్తానా?" అని పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పైట వెనక ఆమె కూడా నవ్వింది. నేను చూశాను.

నాకు పదిహేనో ఏడు నడుస్తుండగా ఒక శనివారం సాయంత్రం మా ఇంట్లో గృహ ప్రార్థన పెట్టుకున్నాం. పాస్టరుగారు, ఆయన భార్య, సంఘంలో పదిమంది దాకా వచ్చారు. అమ్మ ఉడికించిన సెనగలు, కాఫీ ఇచ్చింది. ప్రార్థన అయిపోయి అందరూ కబుర్లలో పడ్డాక నాన్న ఉత్సాహం పట్టలేక, "రూతూ, మా యక్కని సెయ్యే, పాస్టరుగారు సూత్తారు" అన్నారు. అంతమంది ముందు నేనెప్పుడూ చెయ్యలేదు. నడిచాను, కప్పుతో మాట్లాడాను, రాసుకోమన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇంకా కావాలనిపించింది. అందుకని ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి ఒకటి చేసి చూపించాను. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు అత్త బొడ్లో దాచిన బెల్లంముక్క తీసి బుగ్గన పెట్టుకుంటుంది. నేను కళ్ళు తెరుస్తాను కాబట్టి నాకు తెలుసు. ఒక బుగ్గ ఉబ్బించి, చప్పరిస్తూ, "ఆమెన్" అన్నాను. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వారు.

అత్త లేచి పెరట్లోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను, నా వెనక కరుణ వచ్చి గుమ్మంలో నిలబడింది. కడిగి బోర్లించిన కాఫీ గ్లాసుల్నే అత్త మళ్ళీ తోముతోంది. అటు తిరిగి ఉంది గాని భుజాలు కదులుతున్నాయి. "అత్తా" అన్నాను. మోచేత్తో కళ్ళు తుడుచుకుని, "నీల్లు తోడు" అంది. అంతకు మించి ఆ రోజూ అనలేదు, ఆ తరువాతా అనలేదు. కాని ఆ మర్నాటినుంచి ఆమె కప్పుతో మాట్లాడటం మానేసింది. పిల్లి చేపముక్క ఎత్తుకుపోతే ఊరికే చూస్తూ నిలబడేది. ఇంట్లో ఆ గొంతు లేకపోవడం ఎంత పెద్దగా వినబడేదో చెప్పలేను. వారం గడిచాక నాన్న "ఈయేల ఏటి సూసేరే" అంటే, పరీక్షలున్నాయని పుస్తకం ముందేసుకున్నాను. ఆయన ఇంక అడగలేదు. నేను మళ్ళీ ఎవరినీ చెయ్యలేదు. చూసిన మనుషుల్ని కాగితం మీద పెట్టడం మొదలుపెట్టాను, పేర్లు మార్చి, ఊళ్ళు మార్చి, ఎవరికీ నొప్పి తగలకుండా. నేను కథలు రాయడానికి మొదలు అదే. వాటిలో ఎవరూ నవ్వరని ఒక విమర్శకుడు రాస్తే నిగ్రహమని మెచ్చుకున్నాడనుకున్నాను.

నాకు టీచరు ఉద్యోగం, పెళ్ళి, నర్సీపట్నం. కరుణ పదో తరగతితో ఆగి, అమ్మ దగ్గర కుట్టు నేర్చుకుని, అనకాపల్లిలోనే కాపురం పెట్టింది. అమ్మానాన్నలు పోయాక సాలమ్మత్త దాని దగ్గరే ఉంది, దాని చేతుల్లోనే పోయింది. ఇదంతా నాకు తెలిసిన కథే. తెలియనిది ఏమిటంటే, డిగ్రీ చదివి దాని ఇంటికి కోడలుగా వచ్చిన ప్రశాంతి, అత్తగారు ఒక రోజు జాకెట్టు కొలతలిచ్చిన ఆవిడను అనుకరిస్తుంటే చాటుగా ఫోన్‌లో తీసి నలుగురికీ పెట్టిందట. అక్కడినుంచి మొదలు. ఏడాది తిరిగేసరికి మా కరుణ పేరు కరుణ కాదు, సాలమ్మ. చోడవరంలో ఒక పెళ్ళికి వెళితే పెళ్ళికూతురితో కంటే దానితో ఫొటోలకు ఎక్కువమంది నిలబడ్డారు. దాని చేతిసంచీ నేను పట్టుకున్నాను. ఒకావిడ నన్ను చూసి, "మీరు సాలమ్మ గారి బంధువులా?" అని అడిగింది. అవునన్నాను. నా కథల పుస్తకం కాపీలు మా బీరువా కింద అరలో, కట్ట విప్పకుండా ఉన్నాయి. ఆ ఒక్క నిమిషం ఆ కట్ట నా చంకలోనే ఉన్నట్టు బరువుగా అనిపించింది.

దసరా సెలవుల తరువాత బస్సెక్కి అనకాపల్లి వెళ్ళాను. చెల్లెల్ని చూడాలని వెళ్ళానని మా ఆయనతో చెప్పాను. నిజానికి ఎలా చేస్తుందో చూడాలని వెళ్ళాను. పొద్దున పది గంటలకు వంటింటి కిటికీలోంచి వెలుతురు ముందుగదిలోకి వస్తుంది, అదే వాళ్ళ షూటింగు వేళ. ఫ్యాను చప్పుడు పడుతుందని ఆపేశారు. ఫోన్‌ను కందిపప్పు డబ్బాకి ఆనించి, కింద మడతపెట్టిన గుడ్డ పెట్టి ఎత్తు సరిచేసింది ప్రశాంతి. పక్కింటి కుక్కరు కూత పెడితే మళ్ళీ మొదటినుంచి. వీధిలో ఉల్లిపాయల బండి మైకు వస్తే మళ్ళీ మొదటినుంచి. కరుణ విసుక్కోదు. చెమట తుడుచుకుని, తువ్వాలు భుజాన వేసుకుని, ముఖం మార్చుకుని నిలబడుతుంది. ఎవరైనా పేరడిగితే అమ్మ చీరలో దాక్కున్న పిల్ల ఈమేనా అని చూశాను. నడుం ఎగరేయడం మాత్రం తప్పుగా ఉంది. కాలు వెయ్యకముందే ఎగరేస్తోంది. అది చూసి నాకు లోపల ఎంత తృప్తి కలిగిందో!

"అక్కా, నువ్వొకటి సెయ్యి" అంది కరుణ. "ప్రశాంతీ, మా యక్క ముందర నానేటికీ పనికిరానే. సిన్నప్పుడు ఇది సేత్తే మా నాన్న కింద పడి దొర్లీవోరు."

నాలుగుసార్లు వద్దన్నాను. అయిదోసారి లేచాను. జాకెట్టు కోసం వచ్చి పోట్లాడే పక్కింటావిడ వేషం నాది. పప్పు డబ్బాకి ఆనుకున్న ఆ చిన్న అద్దంముక్క ఎదురుగా నిలబడగానే నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఏమమ్మా, నా జాకెట్టు ఇంకా కుట్టలేదా? ఎన్నిసార్లు తిరగాలి?" అన్నాను. హాజరు పిలుస్తున్నట్టు వచ్చింది గొంతు.

"పెద్దత్తా, కొంచెం కోపంగా. నిజంగా జాకెట్ ఇవ్వనట్టు" అంది ప్రశాంతి, నవ్వు పెదాల చివర బిగబట్టి.

తొమ్మిదిసార్లు చేయించింది. తొమ్మిదోదానికి కరుణే "సాల్లేయే, బాగానే వచ్చీసింది" అంది. ఆ మాటలో జాలి ఉంది. జాలి నాకు తెలుసు, చదువు రాని పిల్లల వైపు ముప్పై ఏళ్ళు అలాగే చూశాను.

మర్నాడు నేను నర్సీపట్నం చేరేసరికి ఆ వీడియో వచ్చేసింది. కింద మాటలన్నీ చదివాను. "ఆ పెద్దావిడ వార్తలు చదువుతున్నారా?" అని ఒకరు. "టీచరమ్మ వద్దు, సాలమ్మ చాలు" అని ఒకరు. దానికి కొన్ని వందల మంది అవునన్నారు. మా ఆయన ఆ వీడియో గురించి ఏమీ అనలేదు, అదే ఇంకా బాధ.

ఆ మధ్యాహ్నం ఆయన నిద్రపోతుండగా భోజనాల బల్ల దగ్గర కూర్చుని, నా ఫోన్‌లో, "ఒక ప్రేక్షకురాలు" అని కొత్త పేరు సృష్టించి, కరుణ వీడియోల్లో అందరూ ఎక్కువగా చూసిన ఆ చారు వీడియో కింద ఇలా రాశాను: "చనిపోయిన ఒక వితంతువు నడకను, ఆమె ప్రార్థనను ఇలా నవ్వులపాలు చేయడం, అదీ సొంత మేనకోడలు చేయడం, ఎంతవరకు న్యాయం? ఈ నవ్వుల వల్లనే ఆమె ఒకనాడు పెరట్లో నిలబడి ఎంత ఏడ్చిందో మీకు తెలుసా?" రెండుసార్లు చదివి, ఒక అక్షరదోషం దిద్ది, పంపాను. చేసింది నేను, ఏడిపించింది నేను, ఆ నేరం ఎత్తుకెళ్ళి దాని నెత్తిన పెట్టింది నేను. అప్పుడు మాత్రం ఒక మంచి పని చేసినట్టు, అత్త తరఫున మాట్లాడినట్టు అనిపించింది. మనసు ఎంత తెలివైనదో!

సాయంత్రానికి దాని కింద జనం చేరారు. నిజమేనా అని కొందరు, సిగ్గులేదా అని కొందరు. మరునాటినుంచి కరుణ వీడియోలు రాలేదు. వారం చూశాను, రాలేదు. రెండో వారంలో మా ఆయన, "మీ చెల్లికి ఒంట్లో బాగులేదేమో, ఒకసారి కనుక్కో" అన్నారు. ఆయన పొద్దుటి కాఫీ నవ్వు లేకుండా అయిపోతోంది. ఫోన్ చేస్తే కరుణ కులాసాగానే మాట్లాడి, చివర్లో, "ఓసారి వత్తావా అక్కా?" అంది.

వెళ్ళాను. కరుణ మిషను మీద జాకెట్టు కుడుతోంది. ప్రశాంతి కాఫీ ఇచ్చి, కూరగాయలు తేవాలని సంచీ పట్టుకుని బయటికి వెళ్ళింది. మిషను ఆగలేదు. దారం తెగితే మళ్ళీ ఎక్కించుకుని కుడుతూనే ఉంది. వీడియోలు ఎందుకు ఆపేశావని అడిగాను, నా గొంతు నాకే అసహ్యంగా వినబడింది.

"ఎవులో ఒకావిడ రాసింది. నువ్వు సూళ్ళేదా?"

"ఏదో చూసినట్టున్నాను."

కరుణ పెడల్ మీంచి కాళ్ళు తీసింది. "అక్కా, ఆ కిందని రాసీవోలు ఎవులైనా కామాలు పెడతారేటి?" అంది. "అదికాదులే. అత్త పెరట్లో ఏడ్సిందని నీకూ నాకూ తప్ప ఈ లోకంలో ఇంకెవులికి తెల్సు?"

అప్పుడు ఏడ్చి ఉంటే బాగుండేది, ఏడుపు రాలేదు. "నేనే రాశాను" అన్నాను. "అది నా నడక కరుణా. ఆ మాట నాది. నీకెలా చేతులొచ్చాయి తీసుకోడానికి?" తప్పు ఒప్పుకుంటూ కూడా నా వాటా అడుగుతూనే ఉన్నాను.

"ఏ మాట?"

"రాసుకో అన్నది. అది నేను కల్పించింది."

కరుణ నిజంగానే ఆశ్చర్యపోయింది. "అత్త మాటే కదే అది! నా దగ్గరకొచ్చేక మల్లీ మొదలెట్టి, సచ్చిపోయీదాకా అన్నాది. మంచంలో ఉండి మందు సేదుగా ఉంటే, నాను ఆలీసంగా వత్తే, 'రాసుకో ప్రభువా' అనీది. నాకలాగే తెల్సు."

ఇక అక్కడినుంచి కరుణ చెప్పింది, నేను విన్నాను. తుంటి రెండోసారి విరిగి అత్త మంచం పట్టాక అన్నం తినడం మానేసింది. ముద్ద పెడితే తల తిప్పుకునేది. ఒక రోజు ఏం చెయ్యాలో తోచక, జన్మలో ఎవరినీ అనుకరించని కరుణ, ఆ గదిలో ఇటునుంచి అటు అత్తలా నడిచిందట. అత్త చూసి, చాలాసేపటికి, "అలాక్కాదు. మీ యక్క సేసినట్టు సెయ్యి. ముందర కాలెయ్యి, ఆనక నడుం" అందట. తప్పు దిద్దడం కోసం నోరు తెరిచినప్పుడల్లా ఒక ముద్ద, నవ్వినప్పుడల్లా ఇంకో ముద్ద. అలా రోజూ. ఆఖరి రెండేళ్ళూ ఆ మనిషి తన నడకను తానే పడుకుని నేర్పించింది. నేను ఆ రెండేళ్ళలో పండ్లు పట్టుకుని నెలకోసారి వెళ్ళి, కుర్చీలో కూర్చుని, బీపీ ఎంతుందని అడిగి వచ్చేదాన్ని.

"నన్ను అడిగేదా?" అన్నాను.

"అడక్కేం? 'రూతిప్పుడు సెయ్యదేటి?' అనీది. టీచరైపోయింది కదత్తా అనీదాన్ని."

"మరి ఆ రోజు ఏడ్చింది కదే."

"ఏడ్సింది. అదీ సెప్పింది. 'నడిసినందుక్కాదే, బెల్లంముక్క సంగతి పాస్టరుగారి ముందర పెట్టీసింది, సిగ్గుతో సచ్చిపోయేను' అన్నాది. ఆనక ఇంకో మాట కూడా అంది అక్కా. 'అది సెయ్యడం మానీసేక, ఆ ఇంట్లో నన్ను సూసీవోలే లేకపోయేరు' అంది."

వీధిలో ఆటోలు పోతున్నాయి. కరుణ కుట్టిన జాకెట్టు తీసి, ముడులు కత్తిరించడం మొదలుపెట్టింది. నేను ఇక్కడ ఒక సంగతి దాచకుండా రాయాలి. ఆ మాట విన్నప్పుడు నాకు మొదట కలిగింది పశ్చాత్తాపం కాదు. అత్త నవ్వు కూడా దీనికే దక్కిందా అనుకున్నాను. నా మాటను అత్త తన మాట చేసుకున్న సంగతి, ఆ మాట అంటున్న గొంతు, ఆ రెండేళ్ళూ రోజూ దీనికి వినబడింది, నాకు ఒక్కసారీ వినబడలేదు. లక్షల మంది చూస్తే చూడనీ, మా ఆయన నవ్వితే నవ్వనీ, అవి నాకు పెద్ద లెక్క కాదు, ఇదీ లెక్క. మేము ఆడుకున్న రోజుల్లో నాతో కలిపి ఇంట్లో అయిదుగురం. ఆ అయిదుగురిలో ఒకరు నొచ్చుకుంటే ఆట ఆగిపోయింది. ఇప్పుడు ఊరూ పేరూ తెలియని జనం చూస్తారు, వాళ్ళలో ఎవరైనా నొచ్చుకుంటే ఒక వేలితో పక్కకి తోసేస్తారు. కాని ఆ వేలమందిలో ఎవరూ కరుణను ఆపలేదు. దాన్ని ఆపింది మళ్ళీ ఆ అయిదుగురిలో దానికి మిగిలిన ఒక్కరే. ఆ సంగతి దానికీ తెలుసు, అందుకే పదిహేను రోజులు మాట్లాడకుండా మిషను తొక్కింది.

"కోపం వచ్చిందా?" అన్నాను.

"రాదేటి? తిట్టినోలు తిడతారు, పోతారు. నువ్వు రాసేవని తెల్సేక ముద్ద దిగలేదు." కత్తెర పక్కన పెట్టింది. "నానడిగితే ఇచ్చీదానివి కదక్కా, నీ నడక. అడగలేదు నాను. తప్పే." జాకెట్టు మడిచి మిషను మీద పెట్టి, "నడుం నాకిప్పటికీ రాట్లేదు. ఓసారి సూపించవా?" అంది.

ప్రశాంతి అప్పుడే తిరిగి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తోంది. ముందు ఆ పిల్ల చేతే "ఒక ప్రేక్షకురాలు" రాసినదాన్ని ఎలా తీసెయ్యాలో అడిగి, నా ఫోన్‌లో తీయించుకున్నాను. ఎవరు రాశారో ఆ పిల్లకీ తెలిసిపోయింది. ఫోన్ తిరిగి ఇస్తూ రెండు చేతులతో ఇచ్చింది. తరువాత నేను లేచాను. చీర కుచ్చిళ్ళు బెత్తెడు పైకి దోపాను. నలభై ఎనిమిదేళ్ళ తరువాత వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, కుడికాలు వేశాను, ఆగాను, ఎడమ నడుం ఎగరేశాను. మోకాళ్ళ నొప్పి వల్ల సగం పని దానంతట అదే అయిపోయింది. మిషను దాకా వచ్చి, దాని మీది జాకెట్టు ఎత్తి చూసి, ముఖం చిట్లించి, తల పైకెత్తాను. ఎదురుగా పప్పు డబ్బా లేదు, కరుణ ఉంది. గొంతు హాజరు పిలిచినట్టు రాలేదు. ఎక్కడినుంచో సాలమ్మత్త గొంతే వచ్చింది.

కరుణ పైట నోట్లో కుక్కుకుంది. నవ్వు ఆపుకోలేక మిషను బల్ల మీదికి వంగిపోయింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, కళ్ళనీళ్ళు కారిపోతూ, "ఇంకోసారి, ఇంకోసారి" అంది. రెండోసారి నడిచాను. మొదటిసారి కంటే బాగా వచ్చింది. నాకు తెలుస్తోంది బాగా వచ్చిందని. కంటి చివర్లోంచి చూశాను, ప్రశాంతి గోడ పక్కకి జరిగి, చప్పుడు కాకుండా ఫోన్ పైకెత్తుతోంది.

కరుణ కూడా చూసింది. చెయ్యి అడ్డం పెట్టి, "ఒద్దమ్మా, పక్కనెట్టీ" అంది. "మా యక్కకి ఇలాటివి ఇష్టం ఉండదు. ఇది మనింట్లో మనకే."

ప్రశాంతి నాలిక కొరుక్కుని ఫోన్ బోర్లించి బల్ల మీద పెట్టేసింది. కరుణ నా వైపు చూసిన చూపులో ఎంతో ప్రేమ ఉంది, నన్ను కాపాడానని దాని నమ్మకం. తియ్యనీ అమ్మా, నాకు ఇష్టమే అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. అనలేకపోయాను. కుచ్చిళ్ళు కిందికి సర్దుకుని, మూడోసారి నడవడానికి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాను.